బిందెల గోపురంలో కొత్త మోడల్

మా పాత్రల అంగడి ముందు ఒకప్పుడు స్టీలు బిందెల గోపురం ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఒక సైకిలు, ఒక గుమ్మడికాయ, రెండు సెల్‌ఫోన్లు, వీటన్నిటి సంగతీ చెప్పాలి. వీటిలో దేనికీ బుద్ధి లేదు. అయినా ఆ రోజు అందరికన్నా తక్కువ బుద్ధి చూపించినవాణ్ణి నేనే. కాబట్టి చదివేవారు కాస్త స్థిమితంగా కూర్చోండి. చెవుల్లో పెట్టుకోవడానికి దూది దొరికితే మరీ మంచిది, ఎందుకంటే ముందు ముందు చప్పుడు ఎక్కువ.

మాది పుదుచ్చేరి బజారులో తరాలుగా పాత్రలు అమ్ముకునే తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, ఫోన్ల గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు. మా వాళ్లెవరికీ తెలుగు చదవడం రాదు. నేనొక్కణ్ణే పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. ఇంత పరువు తక్కువ కథను ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నది అందుకే.

మా నాయిన పేరు రంగయ్య. లోకంలో ఏ వస్తువునైనా ఆయన పాత్రను చూసినట్టే చూస్తాడు. చేత్తో ఎత్తి బరువు చూస్తాడు. వేలి కణుపుతో ఠంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మోత వింటాడు. పుచ్చకాయను కొట్టి చూడడం అందరూ చేసేదే. ఆయన బీరువాను కొట్టి చూస్తాడు, గోడను కొట్టి చూస్తాడు, ఒకసారి పళ్ల డాక్టరు గారి కుర్చీని కూడా కొట్టి చూసి, "రేకు పల్చన" అని చెప్పి వచ్చాడు.

నేను అప్పుడే కాలేజీ ముగించి అంగట్లో కూర్చున్నాను. కూర్చున్నది అంగట్లోనే గానీ మనసంతా ఫోన్ల మీదే. ఏటా కొత్త మోడల్ వచ్చేది, ఏటా నేను కొనేవాణ్ణి, పాతది మా అవ్వకు ఇచ్చేవాణ్ణి. అవ్వ అంటే మా నాయిన తల్లి. ఆమె తక్కెడ పక్కన స్టూలు వేసుకుని, వచ్చే పోయే వాళ్లను పలకరిస్తూ, మధ్యలో ఫోన్‌లో భజనలు వింటూ ఉండేది. కొత్త ఫోనుకూ పాత ఫోనుకూ తేడా ఏమిటని అడిగితే నేను గంటసేపు చెప్పగలిగేవాణ్ణి. అంచు కాస్త గుండ్రమైంది. వెనక కెమెరా ఎడమ నుంచి నడిమికి జరిగింది. నలుపు రంగు పేరు మార్చి ఇంకో నలుపు అన్నారు. వీడియోల్లో ఈ సంగతులు చెప్పేవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని చెప్పేవారు. నేను అంతకన్నా పెద్దవి చేసుకుని వినేవాణ్ణి.

ఆ పిచ్చిలో నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఒకనాడు నాయిన బొరుగులు తింటూ మంచి హుషారులో ఉన్న సమయం చూసి అడిగాను.

"నాయినా, అంగడి ముందర సగం నాకియ్యి. సెల్‌ఫోన్లు పెడతా."

"బిందెలు యాడ పెట్టేది?"

"ఎనక్కి నెడదాం. బిందెల కాలం అయిపోయింది నాయినా. బిందెలో కొత్తగా ఏముండాది చెప్పు? తాత కాలం నుంచి అదే మెడ, అదే పొట్ట. ఫోను అట్ల కాదు. ఏడాదికొక తూరి పూర్తిగా మారిపోతాది."

నాయిన బొరుగుల చేయి దులుపుకున్నాడు. "మారిపోతాదా? సరే, మారింది, మారనిది రెండూ తీసుకురా. చూస్తాం."

అవ్వ దగ్గరున్న పాత ఫోనూ, నా కొత్త ఫోనూ బల్ల మీద పెట్టాను. నాయిన రెండింటినీ చెరొక చేత్తో ఎత్తాడు. దించాడు. అంతటితో ఆగకుండా తక్కెడలో చెరొక పళ్లెంలో వేశాడు. కొత్తది ఉన్న పళ్లెం పైకి లేచింది.

"బరువు తగ్గించినారు" అన్నాడు నాయిన, దొంగను పట్టుకున్నవాడిలా.

"అది మంచిది నాయినా! బరువు తగ్గించేదానికే వాళ్లు ఏడాదంతా కష్టపడినారు!"

"మన అంగట్లో బరువు తగ్గిస్తే జనం ఊరుకుంటారా రా?" అంటూ రెండింటినీ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మోత ఒగటే. ఇది అదే, అది ఇదే. సుమ్మా, ఊరికే పెట్టె మార్చి అమ్ముతాండారు."

నాకు రోషం వచ్చింది. నా బతుకంతా పెట్టి ప్రేమించిన వస్తువును పట్టుకుని పెట్టె మార్చారనడమా! అంగట్లో అందరూ వినేలా అరిచాను. నాయిన కూడా అరిచాడు. చివరికి అవ్వే మధ్యలో చేయి ఎత్తి ఇద్దరినీ ఆపింది. అప్పుడు నాయిన తన షరతు చెప్పాడు.

"ఒగటి. ఒగే ఒగటి చూపించు. పాతది చెయ్యంది, కొత్తది చేసేది. నువ్వు నోరు తెరిచి వివరం చెప్పగూడదు. కంటద్దాలు లేకుండానే నాకు తెలవాల. ఆయుధపూజ లోపల చూపిస్తే ముందర సగం నీది. చూపించకపోతే, ఫోన్ల మాట ఎత్తకుండా, మూతి ముడవకుండా, జీవితమంతా బిందెలమ్మాల. సరేనా?"

"సరే!" అన్నాను. అంత ధీమా ఎందుకంటే, మీకొక రహస్యం చెప్పాలి, నేను అప్పటికే బోర్డు కూడా రాయించేశాను. 'ఆర్. దామోదరం – కొత్త మోడళ్లు ఇక్కడ దొరుకును' అని తమిళంలో పెద్ద పెద్ద అక్షరాలు. దాన్ని గోదాములో నీళ్లు పట్టే పెద్ద అండాల వెనక దాచి, రోజూ వెళ్లి ఒకసారి చూసుకుని వచ్చేవాణ్ణి.

మొదటి పరీక్ష కెమెరా. అవ్వను స్టూలు మీద సర్ది కూర్చోబెట్టి రెండు ఫోన్లతోనూ ఫోటో తీశాను. పాతదాంట్లో అవ్వ అవ్వలాగే ఉంది. కొత్తదాంట్లో ముడతలన్నీ మాయమై, చెంపలు మైదాపిండి ముద్దలా తెల్లగా మెరిసిపోతున్నాయి.

నాయిన చూసి, "ఇదెవురు?" అన్నాడు.

"అవ్వే."

"మా అమ్మ ముడతలు యాడికి పోయినాయి?"

అవ్వ ఫోను లాక్కుని చూసింది. ముందు మొహం వికసించింది. తర్వాత చేయి గబుక్కున ముక్కు మీదకు వెళ్లింది. "అయ్యయ్యో, నా ముక్కుపుడక! మచ్చనుకోని తుడిచేసినాది రా, దొంగ ఫోను!"

"పాతది చెయ్యంది కొత్తది చేసింది కదా నాయినా?" అన్నాను ఆశగా.

"దొంగతనం లెక్కలోకి రాదు" అన్నాడు నాయిన.

రెండో పరీక్ష నీళ్లు. కొత్త ఫోను ఎంత లోతు నీళ్లలో పడినా బతుకుతుందని వీడియోలో చూశాను. అంగట్లో పెద్ద అండాకు కొదవా? నిండా నీళ్లు పోసి, నలుగురినీ పిలిచి, గుండె రాయి చేసుకుని కొత్త ఫోనును ముంచాను. పైకి తీస్తే చక్కగా మోగింది. చప్పట్లు కొట్టారు. నాయిన అవ్వ చేతిలోని పాతదాన్ని తీసుకుని అదే అండాలో వేశాడు. అది నీటి అడుగున భజన పాడుతూనే ఉంది.

"దానికి అలవాటే రా" అంది అవ్వ తాపీగా. "మునుపు నాతోపాటు నీళ్ల తొట్లో పడింది. నీకు చెప్తే అరుస్తావని చెప్పలేదు."

చప్పట్లు రెండోసారి ఇంకా గట్టిగా కొట్టారు. పూజ దగ్గరపడింది. నాకు అన్నం సయించడం మానేసింది. బోర్డు చూడడానికి వెళ్లినప్పుడల్లా, ఆ అక్షరాలు నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టుండేది. ముందర సగం పోతే పోయింది, జీవితమంతా బిందెలమ్మడం ఎలాగన్నది నా దిగులు.

అలా దిగులుగా వీడియోలు చూస్తుండగా దొరికింది నాకు అసలైన ఆయుధం. ఆ ఏటి ఫోనులో కొత్తగా ఒక సదుపాయం ఉందట. మనిషి ఘోరంగా కింద పడితే ఫోను తనంతట తానే కనిపెట్టి, సైరన్ మోగించి, మనం చెప్పి ఉంచిన మనిషికి ఫోన్ చేసేస్తుందట. సైరన్! కంటద్దాలు ఎందుకు, కళ్లు మూసుకున్నా తెలుస్తుంది! నేను ఎగిరి గంతేశాను.

ఇక పడడమే మిగిలింది. ఇంట్లో పరుపు మీద పడ్డాను. ఫోను పలకలేదు. మంచం మీది నుంచి పడ్డాను. పలకలేదు. గోదాములో పాత్రలకు చుట్టి వచ్చే గడ్డి బస్తాల మీదికి మెట్ల నుంచి దూకాను. ఊహూఁ. ఇంకొకడైతే ఫోనును అనుమానించేవాడు. నేను నా పడడాన్ని అనుమానించాను. వీడియోలో 'ఘోరంగా' అని స్పష్టంగా చెప్పారు కదా, నేను పడుతున్నది ఆ స్థాయిలో లేదు. సైకిలు మీద వేగంగా వచ్చి పడాలి. చదువుకున్నవాడి తర్కం ఎలా ఉంటుందో చూశారా?

ఆయుధపూజ రానే వచ్చింది. మా వైపు ఆ రోజు పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టి పూజ చేస్తాం. తక్కెడకు బొట్టు, పాత్రల మీద పేరు చెక్కే మిషనుకు బొట్టు, సరుకు వేసే సైకిలుకు బొట్టు, అంగడి ముందు నిలబెట్టిన బిందెల గోపురానికి అడుగు నుంచి పై దాకా బొట్లు. రెండు ఫోన్లకూ గంధం, కుంకుమ పెట్టి దేవుడి ముందు ఉంచారు. హారతి అయ్యాక వీధి వీధంతా బూడిదగుమ్మడికాయలు పగలగొట్టారు. వచ్చిన వాళ్లందరికీ బొరుగులు, శనగపప్పు పంచుతున్నారు. సముద్రం ఒడ్డున జాలర్లుండే వైతికుప్పం నుంచి అంజలై కూడా వచ్చింది. ఆమె చేపలమ్ముతుంది. మా దగ్గర ఏళ్లుగా పాత్రలు కొంటుంది, మా నాయినతో బేరం ఆడీ ఆడీ తెలుగు కూడా నేర్చేసుకుంది.

నేను దేవుడి ముందు నుంచి ఫోను తీయబోయాను. అవ్వ చేయి పట్టుకుంది.

"పూజలో పెట్టిన వస్తువు ఈ పొద్దు వాడగూడదు రా."

"నేను వాడనవ్వా. పడతానంతే."

ఇలాంటి జవాబుకు శాస్త్రంలో ఏముందో అవ్వకు వెంటనే తట్టలేదు. ఆ సందులో ఫోను తీసేసుకున్నాను. నాయిన మాత్రం ఊరుకోలేదు. "పాతదీ తీసుకో. తక్కెడలో రెండు పక్కలా వెయ్యకపోతే తూకం ఎట్ల తెలుస్తాది?" అన్నాడు. సరేనని కొత్తది కుడి జేబులో, పాతది ఎడమ జేబులో వేసుకున్నాను.

నా పథకం చాలా భద్రమైనది. వీధి మలుపు నుంచి సైకిలు మీద వేగంగా వస్తాను. అంగడి ముందు పేర్చిన గడ్డి బస్తాలను గుద్దుతాను. మెత్తగా, అయినా ఘోరంగా పడతాను. సైరన్ మోగుతుంది. నాయిన కళ్లు తుడుచుకుంటూ ముందర సగం ఇచ్చేస్తాడు. ఈ లెక్కలో నేను వదిలేసింది ఒక్కటే, పక్కంగడి వాళ్లు పగలగొట్టిన గుమ్మడికాయ.

బయల్దేరాను. జనం రెండు పక్కలకూ తప్పుకున్నారు. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. గడ్డి బస్తాలు దగ్గరకు వస్తున్నాయి. ఇంకొంచెం. అప్పుడు ముందు చక్రం గుమ్మడికాయ గుజ్జు మీద పడింది. సైకిలు నన్ను అడక్కుండానే పక్కకు తిరిగింది. బస్తాలు ఎడమ వైపు మర్యాదగా దాటిపోయాయి. ఎదురుగా అడుగు నుంచి పై దాకా కుంకుమ బొట్లు పెట్టుకుని నన్నే చూస్తున్న బిందెల గోపురం.

ఇక్కడ దూది పెట్టుకోండి.

ఆ చప్పుడు ఉప్పళం దాకా వినిపించిందని మా వీధివాళ్లు అంటారు. నేను వినయంగా, అంత దూరం కాదు, కురుచికుప్పం దాకానే అని సరిదిద్దుతుంటాను. గోపురం ఒక్కసారిగా కూలలేదు. ముందు పైది పడింది, దాని వెనక దాని చెల్లెళ్లు, ఆ తర్వాత ఇక వంశమంతా. బిందెలు నా మీద నుంచి, నా కింద నుంచి, నా చుట్టూ దొర్లి వీధిలో పడ్డాయి. కాకులన్నీ లేచిపోయాయి. ఒక బిందె ఎక్కడా ఆగకుండా సముద్రం వైపు వెళ్లే వీధిలోకి దొర్లుకుంటూ పోయింది. దాని వెనక ఎవరో పరుగెత్తడం కనిపించింది గానీ, అప్పటికి నా కళ్లు సరిగా పని చేయడం లేదు.

తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, చెవులు చిల్లులు పడేలా, సైరన్ మోగింది!

"నాయినా! మోగింది! మోగింది నాయినా!" బిందెల అడుగు నుంచి చెయ్యెత్తి అరిచాను. అరుస్తూనే కుడి జేబు తడుముకున్నాను. కుడి జేబు ప్రశాంతంగా ఉంది. మోగుతున్నది ఎడమది.

అది చాలదన్నట్టు నాయిన చొక్కా జేబులో ఆయన బటన్ల ఫోను కూడా మోగింది. ఆయన తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఎవురు?" అవతల ఒక ఆడగొంతు ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్తోంది. "ఎవురమ్మా నువ్వు? ఏం కావాల?"

"ఎడమ జేబులోది మాట్లాడతాంది నాయినా" అన్నాను నీరసంగా. "నేను ఘోరంగా పడిపోయినానని నీకు చెప్తాంది."

నాయిన ఫోనుకే జవాబు చెప్పాడు. "తెలుసమ్మా. ఈడనే ఉండాడు. చూస్తానే ఉండాను." చెప్పి పెట్టేశాడు.

కొత్త ఫోను బయటికి తీశాను. గంధం బొట్టు కూడా చెదరలేదు. తెర మీద ఒకే ఒక ప్రశ్న ఉంది: 'మీ కొత్త ఫోన్ మీకు నచ్చిందా? ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

జరిగిందేమిటంటే, ఈ కొత్త సదుపాయాన్ని వాళ్లు పాత ఫోనులోకి కూడా గాలిలో పంపించేశారు. దేంట్లోనైనా మనం ఒప్పుకుంటేనే అది పని చేస్తుంది. నేను తెలివిగలవాణ్ణి గనక, కొత్త ఫోను ఏది అడిగినా 'తర్వాత చూద్దాం' అని నొక్కుతూ వచ్చాను. అవ్వ చదవలేదు గనక, పాత ఫోను ఏది అడిగినా పచ్చగా ఉన్నదాన్ని నొక్కింది. ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలని అడిగినప్పుడు కొడుకు ఫోటో కనబడితే దాన్నీ నొక్కింది.

నాయిన బిందెలు పక్కకు తోసుకుంటూ నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. వేలి కణుపుతో నా తల మీద ఠంగుమని కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "బోలుగా ఉండాది. మునుపటి మాదిరే. దెబ్బేం లేదు" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. కానీ కొట్టిన ఆ చేతిని నా తల మీద నుంచి తీయలేదు, మెల్లగా నిమురుతూనే ఉన్నాడు. అది నాకు మాత్రమే తెలిసింది. నిజం చెప్తున్నాను, అప్పుడు ఏడుపొచ్చింది.

మర్నాడు ఏడుపు పోయి సిగ్గు మొదలైంది. నాయిన సొట్టలు పడ్డ బిందెలన్నీ ఏరించి అంగడి ముందర సగంలో పేర్పించాడు. గోదాములో వెతుకుతుంటే నా బోర్డు కూడా దొరికింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొట్టి విని, తీసుకొచ్చి ఆ బిందెల పైన తగిలించాడు. 'ఆర్. దామోదరం – కొత్త మోడళ్లు ఇక్కడ దొరుకును.'

"ముందర సగం అడిగినావు కదా. తీసుకో. అమ్ము" అన్నాడు.

వచ్చిన వాళ్లంతా బోర్డు చదివి, బిందె చూసి, నన్ను చూసి నవ్వారు. "ఏంది దీంట్లో కొత్త?" అని అడిగేవారు. నాకు వచ్చింది ఫోన్ల భాష ఒక్కటే. "అంచు గుండ్రం తగ్గించినారు. డిజైను మార్చినారు. ఈ ఏటి మోడల్" అని మొహం గంభీరంగా పెట్టుకుని చెప్పేవాణ్ణి. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున అంజలై వచ్చింది. ఒక్కతే కాదు, వెనక ఒక గుంపు ఆడవాళ్లు. ఆమె నడుము మీద ఒక బిందె. పొట్ట మీద పెద్ద సొట్ట, మెడ కింద ఇంకా చెరగని కుంకుమ బొట్టు.

"తంబీ, ఈ మాదిరి బిందెలు ఇంగా ఉండాయా?" అంది.

"అక్కా, ఆ బిందె నీకు యాడిది?"

"పూజనాడు దొర్లుకుంటా మా కుప్పం పక్కకే వచ్చింది. పిలవకుండా వచ్చినదాన్ని వద్దంటామా?" అని ఆ సంగతి అక్కడితో తేల్చేసింది. తర్వాత చేతులు రెండూ వదిలి గిర్రున తిరిగింది. బిందె కదల్లేదు. సొట్ట సరిగ్గా నడుము ఒంపులో కూర్చుంది. "చూడు! నున్నటి బిందె జారతాది. నీళ్లు మోసేలోపల చెయ్యి పీకతాది. ఇది బిడ్డ మాదిరి కూర్చుంటాది. మా ఆడోళ్లకంతా ఇదే కావాలంట."

మధ్యాహ్నానికి ముందర సగం ఖాళీ. మర్నాడు కురుచికుప్పం వాళ్లు వచ్చారు. "సొట్ట మోడల్ ఉండాదా?" అని మోడల్ పేరు కూడా వాళ్లే పెట్టేశారు.

నాయిన కంటద్దాలు తీసేసి, అంజలై తెచ్చిన బిందెను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "పాతది చెయ్యంది, కొత్తది చేసేది" అన్నాడు మెల్లగా. "కంటద్దాలు లేకుండా తెలుస్తాంది."

నా గుండె ఉప్పొంగింది. "అయితే గెలిచినానా నాయినా?"

"గెలిచినావు. ఫోనుతో కాదు, బిందెతో." భుజం తట్టాడు. మా వంశంలో అది పెద్ద బిరుదు. నేనింకా ఆ బిరుదు మోస్తూ నిలబడి ఉండగానే, ఆయన లోపలికి వెళ్లి నున్నటి కొత్త బిందెలు తెచ్చి గోపురంలా పేర్చడం మొదలుపెట్టాడు. గడ్డి బస్తాలను మాత్రం దూరంగా పెట్టించాడు. అవ్వ వంటింట్లో నుంచి అర చెక్క గుమ్మడికాయ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"కుప్పం వాళ్లు రేపొస్తారంట" అన్నాడు నాయిన. "ఊ, సైకిలెక్కు."

కాబట్టి చదువరులారా, పేరు చెక్కిన నా సొంత సొట్ట బిందె మీద కుడిచేయి ఉంచి, తక్కెడ సాక్షిగా, ముక్కుపుడక పెట్టుకున్న మా అవ్వ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా బతుకులో ఏ వస్తువునూ కొత్త మోడల్ అనను. ఏ ఫోను కోసమూ కింద పడను. సొట్టలు ఇప్పుడు కొయ్యసుత్తితో కొడుతున్నాం, సైకిలు జోలికి ససేమిరా వెళ్లను.

మొన్న ఈ ఏటి ఫోను వీడియో వచ్చింది. చెప్పేవాడు కళ్లు పెద్దవి చేసుకుని చెప్తున్నాడు. వెనక భాగం కాస్త లోపలికి నొక్కినట్టు పెట్టారట, చేతిలో జారకుండా కూర్చుంటుందట, ఏళ్ల తరబడి పరిశోధన చేశారట. అలవాటు కొద్దీ నాయినకు చూపించాను. ఆయన ఆ సొట్టను చాలాసేపు, చాలా శ్రద్ధగా చూసి, ఒక్క మాట అడిగాడు.

"సైకిలు ఎవురెక్కినారంట?"